గోడకంటించిన వెబ్‌సైటు

రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, తన దుకాణం ముందున్న గోడ పోతోందనీ ఖలీల్ భాయ్ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదు ఆఫీసులో ఒక మీటింగులో ఉన్నాను. మీరు ఫోనులో ఒక దుకాణం పేరో, బడి పేరో, డాక్టరు పేరో వెతికితే పక్కనే చిన్న పెట్టెలో వివరాలు కనిపిస్తాయి కదా, అలాంటి పెట్టెలు నింపే కంపెనీ మాది. ఆ పెట్టెల్లో ఉన్నదాన్ని జనం ఎంత నమ్ముతున్నారన్నది ఆ రోజు చర్చ. నమ్మకాన్ని కొలవడానికి మావాళ్ళు ఒక రంగుల పట్టీ తయారుచేశారు. నమ్మకం పెరిగేకొద్దీ అది ఎరుపు నుంచి ఆకుపచ్చకు జరుగుతుంది. ఎంత పచ్చగా ఉంటే మేం సంతోషపడాలో తేలక పదిమందిమి పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నాం. నేను బయటికొచ్చి ఫోనెత్తాను. "బేటీ, మన గోడ పోతుంది. సోమవారం మిషన్ వస్తదంట. చూస్తనంటే ఆదివారం రా," అన్నాడు ఖలీల్ భాయ్. ఒక గోడను చూడటానికి బాన్సువాడ వెళ్ళొస్తానంటే మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నా ఉద్యోగం ఏమిటో వాళ్ళకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. గోడలు చూసి రావడం కూడా అందులో భాగమే అనుకుని ఉంటారు.

గోడ దగ్గర చూడటానికి ఏమీ లేదు. బస్టాండు నుంచి వచ్చే రోడ్డుకు ఎదురుగా, మనిషి భుజాల ఎత్తున, సినిమా పోస్టర్లు అంటించి పీకి, మళ్ళీ అంటించి పీకి, మైదా జిగురుతో గట్టిపడిపోయిన గోడ. ఒకప్పుడు జిరాక్సు, లామినేషను, పెళ్ళిపత్రికలు అని బోర్డున్న దుకాణంలో ఇప్పుడు ఖలీల్ భాయ్ కూతురు ఫోను కవర్లు అమ్ముతోంది. గడ్డం తెల్లబడ్డ ఖలీల్ భాయ్ బయట కుర్చీ వేసుకుని, పోయేదాన్ని సాగనంపడానికి వచ్చిన మనిషిలాగా కూర్చున్నాడు. "అమెరికావోళ్ళు చేసిన్రు, అమీర్‌పేటవోళ్ళు చేసిన్రు, గాని గోడకు వెబ్‌సైట్ అంటిచ్చినోళ్ళు మనమొక్కలమే," అన్నాడు. అందులో గర్వం ఎంతో, వెక్కిరింపు ఎంతో నాకు తెలియలేదు. ఖలీల్ భాయ్ మాటల్లో అవి రెండూ ఎప్పుడూ కలిసే ఉండేవి.

మాది బాన్సువాడకు కొంచెం దూరంలో, నిజాంసాగర్ కాలువ కింద, కోస్తా నుంచి వచ్చిన రైతులు స్థిరపడిన ఒక క్యాంపు. మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి పెట్టాడు. పొద్దున లేస్తే ఒకవైపు నుంచి తడిమట్టి వాసన, ఇంకోవైపు మిల్లులో ఉడికే వడ్ల వాసన. రెండూ కలిసే చోట మా వంటిల్లు, అందులో నాయనమ్మ గోంగూర. నాన్న పొలం పని అయ్యాక సైకిలు మీద ఊళ్ళోకి వెళ్ళి పేపరు తెచ్చేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, టెండరు ప్రకటనలతో సహా పైకి చదివేవాడు. నాన్నకు అచ్చు మీద ఉన్న నమ్మకం మరి దేనిమీదా ఉండేది కాదు. ఎవరితో ఏ వాదన వచ్చినా "పేపర్లో పడింది కదా" అంటే ఆయన లెక్కలో అది ముగిసినట్టే. నాయనమ్మకు చదువు రాదు. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ అంతా విని, చివర్లో ఒక్క ప్రశ్న వేసేది. "ఇంతకీ అది రాసినాయన ఎవరబ్బాయి?" నాన్న విసుక్కునేవాడు. "పేపరువాళ్ళు రాశారమ్మా." "పేపరువాళ్ళంటే ఎవరూ కాదన్నమాట," అని నాయనమ్మ చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయేది. మా ఆఫీసులో ఇప్పుడు ఈ ప్రశ్న వెయ్యడానికే ఒక విభాగం ఉంది. వాళ్ళకీ ఇంకా జవాబు దొరకలేదు.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఖలీల్ భాయ్ దుకాణంలోకి ఇంటర్నెట్టు వచ్చింది. లోపలి గదిలో కంప్యూటరు, దానిమీద పూల తువ్వాలు, గుమ్మం దగ్గర చెప్పులు విప్పమని బోర్డు. ఫోను తీగ ద్వారా కనెక్షను కలిసేటప్పుడు వచ్చే ఆ కీచుమన్న చప్పుడు విని టీ తాగడానికి వచ్చినవాళ్ళు కూడా లోపలికి తొంగిచూసేవాళ్ళు. "ఏంది ఖలీల్ భాయ్, గట్ల ఏడుస్తుంది?" అంటే, "అమెరికా దాంక పోవాలె గదా, జర తక్లీఫ్ ఉంటది," అనేవాడు. నేను కాలేజీ అయ్యాక అక్కడికి వెళ్ళి పెళ్ళిపత్రికలు కంపోజు చేసేదాన్ని. ఖలీల్ భాయ్‌కి ఉర్దూ, ఇంగ్లీషు టైపింగు వచ్చు గానీ తెలుగు రాదు. నాకు అదొక్కటే వచ్చు. అలా కుదిరింది.

బాన్సువాడకు ఒక వెబ్‌సైటు ఉండాలన్న ఆలోచన ఆయనదే. ఉచితంగా చోటిచ్చే సైటొకటి దొరికింది, ఒక పుస్తకం చూసి నేను పేజీలు తయారుచేశాను. అప్పట్లో తెలుగు ఫాంటు అవతలివాళ్ళ కంప్యూటర్లో లేకపోతే అక్షరాలకు బదులు చీమలబారు లాంటిదేదో కనిపించేది. అందుకని పెళ్ళిపత్రికలు కూర్చే సాఫ్ట్‌వేరులోనే అంతా టైపు చేసి, బొమ్మగా మార్చి పెట్టేదాన్ని. ఆ బొమ్మ పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగేలోపు ఖలీల్ భాయ్ నమాజుకు వెళ్ళి రావచ్చు. అడుగున చూసినవాళ్ళ సంఖ్య చూపే చిన్న మీటరు పెట్టాం. అది ప్రతిరోజూ పెరుగుతుంటే ఇద్దరం మురిసిపోయాం. పెంచుతున్నది మేమే. పెరిగిందా అని చూడటానికి తెరిచిన ప్రతిసారీ ఒకటి పెరిగేది. ఈ విషయం గ్రహించాక కూడా మేం చూడటం మానలేదు. ఇప్పుడు నేను చేసే ఉద్యోగంలో సగం ఇదే, కాకపోతే జీతం ఇస్తారు.

ఊరి వెబ్‌సైటును ఊళ్ళో ఎవరూ చూడటం లేదన్న బెంగకు ఖలీల్ భాయే విరుగుడు కనిపెట్టాడు. ప్రతి ఆదివారం పొద్దున పేజీలన్నీ ప్రింటు తీసి దుకాణం ముందు గోడకు అంటించాడు. అప్పుడు మొదలైంది అసలు వెబ్‌సైటు. కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, కరెంటు కోత ఏ వేళలో, కోటగిరి బస్సు, మద్నూర్ బస్సు టైములు, పరీక్ష ఫలితాలు. జనం సైకిళ్ళు ఆపి చదివేవాళ్ళు. చదవనివాళ్ళకు చదివినవాళ్ళు చెప్పేవాళ్ళు. ఒకరోజు బస్సు టైము పక్కన ఎవరో బాల్‌పెన్నుతో "గీ బస్సు ఇగ వస్తలేదు" అని రాశారు. మేం ఆ వారమే సరిదిద్దాం. ఇంకొకరు నీళ్ళ తేదీ దిద్దారు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఊరంతా కలిసి నిజాన్ని తయారుచేసుకుంటోందని నేను డైరీలో రాసుకున్నాను. ఆ మాటే చాలా ఏళ్ళ తర్వాత ఒక విదేశీ నిపుణుడు మా ఆఫీసులో ఇంగ్లీషులో చెబితే, అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. మూడోవారానికి గోడ మీద బాణం గుచ్చుకున్న గుండె బొమ్మ, నాలుగోవారానికి ఒక కండక్టరు మీద బూతు పడ్డాయన్నది ఆ నిపుణుడు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

జనం ఆగి చూసే గోడ మీద తమ పేరుండాలని ఎవరికుండదు? "ఊరి వెలుగులు" అని ఒక పేజీ పెట్టాం, బాన్సువాడ పెద్దమనుషుల పేర్లూ వివరాలతో. ఎరువుల దుకాణం గంగారెడ్డి తన పేరు మూడోది ఎందుకు పడిందని అడగడానికి వచ్చాడు. అక్షరక్రమంలో పెట్టామని నేను చెప్పాను. ఆయన కాసేపు పేజీ కేసి చూశాడు. "అట్లైతే అన్న గంగారెడ్డి అని రాయి. అందరు గట్లనే పిలుస్తరు నన్ను," అన్నాడు. ఆ వారం నుంచి ఆయన పేరే మొదటిది. వెతికితే తమ పేరు పైన రావాలని కంపెనీలు ఇవాళ ఎంతమంది నిపుణులను పెట్టుకుంటున్నాయో తలుచుకుంటే, ఆ పని అక్కడ నిలబడి ఒక్క మాటలో చేసుకుపోయిన గంగారెడ్డి అన్నను నేను గురువుగా భావించాలి.

నా అసలు గురువు బాలు నాయక్ సార్. బస్టాండు వెనక ఒక కిరాయి గదిలో లెక్కల ట్యూషను చెప్పేవారు. ఊరికి ఆవల ఉన్న తండా ఆయనది. ఆదివారాలు వాళ్ళమ్మ వచ్చి గది ముందు కూర్చుంటే, "యాడీ" అని పిలుస్తూ ఆమెతో వాళ్ళ భాషలో నెమ్మదిగా మాట్లాడేవారు. మాతో తెలుగు, ఇంటాయనతో ఉర్దూ. బడిలో నేను "అండీ" అంటే నవ్వే పిల్లలుండేవారు. సార్ మాత్రం "ఎవలింట్ల మాట వాళ్ళది, లెక్క అందరిది ఒక్కటే" అనేవారు. గైడులో జవాబు చూసి చేస్తే ఒప్పుకునేవారు కాదు. "జవాబు అచ్చుల ఉన్నంత మాత్రాన నమ్మాల్నా? నువ్వు చేసి సూడు," అనేవారు. నాన్న పెంపకంలో పెరిగిన నాకు ఇది పెద్ద దెబ్బ. ఒకసారి గైడులో జవాబే తప్పని తేల్చాం. ఆ రోజు ఇంటికెళ్ళి నాన్నకు చెబితే, అచ్చువేసేటప్పుడు ఏదో పొరపాటు జరిగి ఉంటుందిలే అని గైడునే ఓదార్చినట్టు మాట్లాడాడు. డిగ్రీలో చేరాక కూడా నేను సాయంత్రాలు సార్ దగ్గరికి వెళ్ళి పదో తరగతి పిల్లలకు సాయం చేసేదాన్ని.

"ఊరి వెలుగులు" పేజీలో సార్ పేరు ఉండాలని పట్టుబట్టింది నేనే. ఖలీల్ భాయ్ సరేనన్నాడు. టైపు చేశాను. పైన గంగారెడ్డి అన్న పేరు పక్కన మూడు సంఘాల పదవులు, దానాలు. ఇంకొకాయన పేరు పక్కన రెండు వరసల బిరుదులు. వాటి కింద "బాలు నాయక్, లెక్కల ట్యూషన్" అన్న నాలుగు మాటలు చలికి వణుకుతున్నట్టు కనిపించాయి. నేను పేరు పక్కన ఎమ్మెస్సీ అని చేర్చాను. ఆయన చదివింది ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. మా కాలేజీ లెక్చరరుకు రాని లెక్క ఆయనకు వచ్చు, లెక్చరరు ఎమ్మెస్సీ, కాబట్టి ఈయన కనీసం ఎమ్మెస్సీ. లెక్కల విద్యార్థిని కదా, అలా నిరూపించుకున్నాను. ఎవరికీ చూపించకుండా ప్రింటు తీశాను, ఆదివారం అది గోడెక్కింది.

రెండు వారాలు అంతా బాగానే నడిచింది. ఎమ్మెస్సీ సార్ ఉన్నాడట అని కోటగిరి నుంచి కూడా పిల్లలు షేర్ ఆటోలెక్కి వచ్చారు. గది చాలక వరండాలో పట్టాలు పరిచాం. మూడోవారం ఆ మూడక్షరాల కింద ఎవరో గీత గీసి, "ఏ కాలేజి?" అని రాశారు. మర్నాటికి దానికింద ఇంకో చేతిరాత: "దొంగ సర్టిఫికెట్." ఆ మర్నాడు సార్ తండా గురించి ఒక మాట పడింది. దాన్ని ఇక్కడ రాయను. అది రాసినవాళ్ళకు అప్పుడే కావలసినంత మంది పాఠకులు దొరికారు. నేను కాలేజీ నుంచి వస్తూ చూసి, లోపలికి పరుగెత్తి, కాగితం చింపేద్దామన్నాను. ఖలీల్ భాయ్ వద్దన్నాడు. "చింపితే నిజమే అనుకుంటరు బేటీ. ఉంచితే సుత నిజమే అనుకుంటరు. నాక్కూడ సమజ్ అయితలేదు." ఇదే విషయం మీద మా కంపెనీకి ఇప్పుడు చాలా పేజీల నియమావళి ఉంది. అంతా చదివాక ఖలీల్ భాయ్ చెప్పినదానికంటే ఎక్కువేమీ తెలియదు.

ఆ సాయంత్రం గంగారెడ్డి అన్న ట్యూషనుకు వచ్చాడు. వాళ్ళబ్బాయి మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. నేను గది మూల పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. ఆయన గుమ్మంలో నిలబడే, అందరికీ వినబడేలా అడిగాడు.

"సార్, నీ ఎమ్మెస్సీ సర్టిఫికెట్ ఒకపారి సూపెట్టు."

"లేదన్నా," అన్నారు సార్.

"లేనప్పుడు ఎందుకు రాసుకున్నవ్?"

"నేను రాసుకోలే."

"మరి ఏంది, కంప్యూటరే రాసుకుందా?"

పిల్లలు నవ్వారు. సార్ చేతిలో చాక్‌పీసు ఉంది, బోర్డు మీద సగం లెక్క ఉంది. నేను లేచి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఎర్ర పెన్ను పట్టుకుని, ఎవరిదో ఒప్పు లెక్కను మళ్ళీ మళ్ళీ కూడుతూ తలవంచుకుని కూర్చున్నాను. నాకు భయమేసింది. నాన్నకు తెలుస్తుందని, కాలేజీలో తెలుస్తుందని, అన్నిటికంటే సార్‌కు తెలుస్తుందని. గంగారెడ్డి అన్న కొడుకును తీసుకుని వెళ్ళిపోయాడు. సార్ మిగతా సగం లెక్క పూర్తిచేశారు. "అర్థమైందా?" అని అడిగితే ఎప్పటికంటే గట్టిగా "అయింది సార్" అని అరిచారు పిల్లలు.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి సార్ గోడ దగ్గర నిలబడి ఉన్నారట. నేను వెళ్ళేటప్పటికి ఖలీల్ భాయ్ ఆయన చేతులు పట్టుకుని చెబుతున్నాడు. "టైపింగ్ మిస్టేక్ సార్. నాదే గల్తీ. మాఫ్ చెయ్యాలె." సార్ ఆయన భుజం తట్టి, జేబులోంచి పెన్ను తీసి, ఆ రాతలన్నిటి కింద గుండ్రటి అక్షరాలతో రాశారు. "నేను బీఎస్సీ. థర్డ్ క్లాస్‌లో పాసైన. ఎమ్మెస్సీ చదవలేదు. బాలు నాయక్." ఆ గోడ మీద పెన్నుతో రాసినవాళ్ళు అన్నాళ్ళలో ఎంతమందో ఉన్నారు. కింద పేరు రాసుకున్నది ఆయనొక్కరే. రాసి, పెన్ను జేబులో పెట్టుకుని, నన్ను చూసి "కాలేజికి లేటైతలేదా?" అని అడిగి వెళ్ళిపోయారు.

ఊళ్ళో జనం మొదటిసారి పూర్తి నిజం చదివారు. చదివి ఏం చేశారంటే, దొంగ సర్టిఫికెట్ అన్నప్పుడు ఆగినవాళ్ళు కూడా థర్డ్ క్లాస్ అన్నది చూసి పిల్లల్ని మానిపించేశారు. అబద్ధం పెంచినదాన్ని అభాండం కొంతే తగ్గించింది, మిగిలింది నిజం ఊడ్చేసింది. వరండాలో పట్టాలు చుట్టేశాం. ఇంకో ఏడాది వచ్చేసరికి సార్ గది ఖాళీ చేసి మద్నూర్ వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరారు. అక్కడ సగం మంది పిల్లలు మరాఠీ మాట్లాడతారట. ఇంకో భాష నేర్చుకోవచ్చు కదా అన్నారు బస్సెక్కుతూ. నేను వెళ్ళి సామాను అందించాను. అప్పుడూ చెప్పలేదు.

గోడకు కాగితాలు అంటించడం ఆపేశాం. వెబ్‌సైటు మాత్రం ఉంది, దాని మీటరు అలాగే నిలబడిపోయింది. దానివల్ల బాగుపడ్డది నేను. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూలో ఆ సైటు చూపించాను. ఒక చిన్న ఊరికి సమాచార వ్యవస్థ నిర్మించిన అమ్మాయి అని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. అడిగినవన్నీ చెప్పాను. చివర్లో ఒకాయన, "వివరాలు పెట్టేముందు సరిచూసేవాళ్ళా?" అన్నాడు. "ప్రతి ఒక్కటీ," అన్నాను. ఉద్యోగం ఇచ్చారు. అందరూ తమ మొదటి ఉద్యోగం కష్టపడి తెచ్చుకున్నామని చెబుతుంటే నేను మాట మారుస్తుంటాను.

గోడ చూశాక టీ తాగుతుండగా ఖలీల్ భాయ్ చెప్పాడు, సార్ పదవీ విరమణ చేసి బాన్సువాడకే వచ్చారని, కోటగిరి రోడ్డులో ఇల్లు కట్టుకున్నారని. "పోయి కలువు. గాయన్ని ఇప్పుడు డాక్టర్ సాబ్ అంటుండ్రు," అని నవ్వాడు. ఎందుకని అడిగితే ఆయన్నే అడగమన్నాడు.

సార్ వరండాలో కుర్చీలో ఉన్నారు. జుట్టు పలచబడింది, గొంతు అదే. నన్ను గుర్తుపట్టి లోపలికి కేకేసి టీ చెప్పారు. కుశలాలు అయ్యాక, ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నపళంగా అనేశాను.

"సార్, ఆ రోజుల్లో మీ పేరు పక్కన ఎమ్మెస్సీ అని టైపు చేసింది నేను."

"ఎరికే బిడ్డా."

"ఖలీల్ భాయ్ చెప్పాడా?"

"గాయన చెప్పలే. గాయనకు తెలుగు టైపింగ్ రాదు గదా. ఇగ నువ్వు గాక ఎవరున్నరు?"

ఇంత చిన్న లెక్క ఆయన చెయ్యలేరని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన కాలువ వైపు చూస్తూ చెప్పారు. "నీకొక మాట చెప్త. గది అంటిచ్చిన నాడే నేను సదివిన. పాలకు పోతుంటే కనబడ్డది. గలత్ పడ్డదని చెప్దామని దుకాణం దాంక పోయిన. ఇంకా తెరవలే. మల్లొస్త అనుకున్న, మల్ల పోలే. రెండు వారాలు దినాం గటు దిక్కు నుంచే పాలకు పోయిన. మా గల్లీలనే పాలు దొరుకుతుండె అప్పుడు." నవ్వారు. "మా యాడికి సుత సూపెట్టిన. నా పేరు పక్కన గదేందిరా అన్నది. పెద్ద సదువు అని చెప్పిన. నువ్వు ఒక్కపారి రాసినవ్. నేను పదునాలుగు దినాలు సదువుకున్న. గిందుల నీ తప్పెంత, నా తప్పెంత, లెక్క తియ్యి."

ఇరవై ఏళ్ళకు పైగా నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న దానికి రెండో కొస ఆయన పట్టుకుని ఉన్నారు.

డాక్టరు సంగతి అప్పుడు చెప్పారు. మద్నూర్ వైపు బడిలో సార్ చివరికి ప్రిన్సిపాలు అయ్యారు; ఆ బడికి వెబ్‌సైటు తయారుచేసినవాళ్ళు ప్రిన్సిపాలు అన్న ప్రతివాడి పేరు ముందూ డాక్టర్ అని పెట్టారట. బడి మూతపడింది గానీ ఆ పేరు ఎలా పాకిందో ఫోనుల్లోకి పాకింది, ఈ ఇంటి అడ్రసుతో సహా. ఇప్పుడు బాన్సువాడలో డాక్టర్ల కోసం వెతికితే ఈ ఇల్లు చూపిస్తోంది. "మొన్న ఒకామె జరమొచ్చిన పిల్లను ఎత్తుకొని వచ్చింది. నేను డాక్టర్ను కాదంటే నమ్మదు, ఫోన్ల ఉంది గదా అంటది. ఆటో మాట్లాడి దవాఖానకు తోలిన. రేపెవరన్న గుండె నొప్పితోని వస్తే ఎట్ల? జర తీసెయ్యి బిడ్డా, నీకు వచ్చు గదా గీ పని."

ఫోను తీసి చూశాను. అది మా కంపెనీ పెట్టే. కంపెనీలో పనిచేసేవాళ్ళం కూడా బయటివాళ్ళలాగే ఫారం నింపాలి, అది నియమం. ఆ నియమం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అక్కడే కూర్చుని నింపాను. మార్పుకు ఆధారం జతచేయమంది.

"అంటే ఏంది? నేను డాక్టర్ను కానని కాయిదం తేవాల్నా?" అన్నారు సార్.

"అలాగే ఉంది సార్."

"గది ఏ ఆఫీసుల ఇస్తరు?"

నాకు తెలియదన్నాను. మా పదిమందిలో ఎవరికీ తెలియదు. ఆయన డిగ్రీ పత్రం ఫోటో తీసి పెట్టాను. థర్డ్ క్లాస్ అన్నది స్పష్టంగా కనబడేలా ఆయనే కాగితాన్ని వెలుగులోకి తిప్పి పట్టుకున్నారు.

కొన్ని వారాల తర్వాత నేను ఆఫీసులో ఉండగా సార్ ఫోన్ చేశారు. "సుజాతా, నన్ను మూసేసిండ్రు," అన్నారు. అర్థం కాలేదు. తెరిచి చూస్తే, పేరు ముందు డాక్టర్ అలాగే ఉంది, దానికింద ఎర్ర అక్షరాలతో "శాశ్వతంగా మూసివేయబడింది" అని ఉంది. "మా చెల్లె కొడుకు అది సూసి మద్నూర్ నుంచి ఫోన్ చేసిండు, మామా మంచిగున్నవా అని. ఉన్న అని చెప్పిన. ఇగ నువ్వే చెప్పాలె వాళ్ళకు."

నేను క్షమించమన్నాను. మళ్ళీ రాస్తానన్నాను. ఫారం తెరిచాను. ఏం చెయ్యాలో నాకు తెలుసు, ఏ గడిలో ఏ మాట పెడితే ఎవరి బల్ల మీదికి వెళుతుందో కూడా ఈసారి కనుక్కుని ఉన్నాను. అలవాటుగా టైపు చెయ్యబోయి ఆగాను. ఆయన పేరు పక్కన నేను చాలా రాశాను, నా కోసం కొంత, ఆయన కోసం కొంత. ఒక్కసారి కూడా అడగలేదు.

"సార్, మీ గురించి ఏం రాయమంటారు?"

అవతల వరండాలో ఎవరో పిల్లలు ఎక్కం లాంటిదేదో అప్పజెబుతున్న చప్పుడు వినబడుతోంది.

"లెక్కలు చెప్తడు అని రాయి. నలుగురు పిల్లలొస్తుండ్రు ఇప్పటికి."

ఒక్కో మాటా పైకి చదువుతూ టైపు చేశాను.

"బాలు నాయక్."

"ఆఁ."

"లెక్కలు చెప్తారు."

"ఆఁ. గంతే. ఇగ ఆపు."

ఆపాను.